అంగన్‌వాడీలకు మార్కులు వేసేముందు

(నెల్లూరు జిల్లా ఆత్మకూరులో విశ్రాంత ఉపాధ్యాయులు, కొందరు యువకులు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఐసీడీఎస్‌లో, అంటే అంగన్‌వాడీలు నడిపే ప్రభుత్వ పథకంలో, సూపర్‌వైజర్‌గా చేసి రిటైరైన ఒకామె చేసిన ప్రసంగం. రికార్డు విని రాసుకున్నాం. రెండుసార్లు వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

ఆ ఫ్యాను కాస్త తగ్గించండయ్యా, కాగితాలు నిలవడం లేదు. ఆ, చాలు.

మీరు పంపిన ఫారం చూశాను. మెట్ట ఊళ్ళు కొన్ని, కాలవ కింద ఊళ్ళు కొన్ని ఎంచుకుని, అక్కడి అంగన్‌వాడీలన్నీ తిరిగి, ఏది ముందు ఏది వెనక అని వరస కట్టాలని మీ ఆలోచన. సొంత భవనానికి పది మార్కులు, మరుగుదొడ్డికి పది, బొమ్మలకు పది, గోడల మీద రంగులకు అయిదు, పిల్లలు ఇంగ్లిష్ రైమ్ చెబితే అయిదు. రైమ్‌కి మార్కులు పెట్టిన వాళ్ళెవరో గానీ, వాళ్ళింట్లో ఎల్‌కేజీ చదివే మనవడు ఉండి తీరాలి. (నవ్వులు) చూశారా, ఆ మూల మాస్టారు తలొంచుకున్నారు.

ఎగతాళి కాదండీ. ఇరవై ఏళ్ళకు పైగా నేను చేసిన పనీ ఇదే. నా సెక్టార్లో పాతిక కేంద్రాలు. ఏటా పంద్రాగస్టుకి పది రోజుల ముందు ఫోను వచ్చేది, మీ సెక్టార్లో మంచి సెంటర్ ఒకటి రాసి పంపండి అని. నేను రాసి పంపేదాన్ని. ఒక ఏడు ఏం జరిగిందో ముందు అది చెబుతాను, తర్వాత మీ ఫారం సంగతి చూద్దాం.

సంగం ఆనకట్టకు దిగువన, కాలవ కింద ఊరు. పేరు వద్దు. సొంత భవనం, గోడల మీద చిలకలు, ఏనుగులు, అచ్చులు, హల్లులు. రిజిస్టర్లో పంతొమ్మిది మంది, ఎప్పుడు పోయినా పదిహేడో పద్దెనిమిదో కూర్చుని ఉంటారు. టీచర్ నెమ్మదస్తురాలు. ఆ ఏడు ఆ పేరే రాశాను. ఆమెకు శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు, నేనూ పక్కన నిలబడి ఫోటో దిగాను.

నెల తిరక్కముందే మళ్ళీ ఆ ఊరికి పోవాల్సి వచ్చింది. ఊళ్ళోకి పోయే రోడ్డు తవ్వి పెట్టారని ఆటో అబ్బాయి కాలవ కట్ట మీదుగా తీసుకుపోయాడు. ఊరు ఇంకా అర కిలోమీటరు ఉందనగా కట్ట వాలులో ఏడెనిమిది గుడిసెలు. నాలుగేళ్ళ పిల్ల ఒకత్తి చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని నిలబడింది. ఇంకొందరు మోకాళ్ళ లోతు నీళ్ళలో పాత చీర పట్టుకుని చేపపిల్లల కోసం వెతుకుతున్నారు. ఆ ఈడు పిల్లల్ని ఆరుగుర్ని లెక్కపెట్టాను. ఊళ్ళోకి పోయి టీచర్ని అడిగితే, "యానాదుల పిల్లలు మేడం, వాళ్ళు రారు" అంది. కోపంగా అనలేదు, చులకనగానూ అనలేదు. ఆవల ఎండ కాస్తోంది అన్నట్టు చెప్పింది. (యానాదులు: నెల్లూరు వైపు ఎక్కువగా ఉండే ఒక గిరిజన తెగ.)

రిజిస్టర్ తెమ్మన్నాను. ఆ ఆరుగురిలో ఒక్కరి పేరూ లేదు. అప్పుడర్థమైంది నాకు, ఆ కేంద్రంలో హాజరు అంత బాగా ఎందుకుందో. రాని వాళ్ళ పేర్లు ఎక్కించకపోతే హాజరు ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఆ రిజిస్టర్ మీద ప్రతి నెలా సంతకం పెట్టింది నేనే. శాలువాకి పేరు రాసిందీ నేనే.

ఇప్పుడు మీ ఫారంలో హాజరుకి పదిహేను మార్కులు ఉన్నాయి, అన్నిటికంటే ఎక్కువ. ఆ లెక్కన ఆ కేంద్రం ఇప్పటికీ మొదటి స్థానంలోనే ఉంటుంది.

అసలు ఈ అంగన్‌వాడీ అన్న పేరు ఎక్కణ్ణించి వచ్చిందో మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది. ఐసీడీఎస్ మొదలైంది 1975 అక్టోబరు 2న, దేశం మొత్తమ్మీద 33 ప్రాజెక్టులతో. మాట మాత్రం అంతకంటే పాతది. మహారాష్ట్రలో తారాబాయి మోదక్ అని ఒకామె, ఆమెతో అనుతాయి వాఘ్, 1945లో బోర్డీ అనే ఊళ్ళో బాలవాడి పెట్టారు. బడి బాగానే ఉంది గానీ గూడేల పిల్లలు రాలేదు. ఇంటి దగ్గర చంటిబిడ్డల్ని చూసుకునేది వాళ్ళే, మేకల్ని చూసుకునేదీ వాళ్ళే. తారాబాయి ఏం చేసిందంటే బడినే ఎత్తుకుని వాళ్ళ వాకిట్లోకి పోయింది. అంగణం అంటే వాకిలే కదా. అక్కడే చెట్టు కింద ఆట, పాట, స్నానం, అన్నీ. ఆ బాలవాడిని అంగణంలో పెట్టారు కాబట్టి ఆ పేరు. మనం పేరు తెచ్చుకున్నాం, గోడలు కట్టుకున్నాం, పిల్లలు రావడం లేదని మళ్ళీ మొదటికొచ్చాం.

మరి గుడిసెల దగ్గరే ఒక కేంద్రం పెట్టించొచ్చు కదా అని మీరు అడుగుతారు. అడగాలి. లెక్క ఇదీ: పల్లెల్లో 400 నుంచి 800 జనాభాకి ఒక కేంద్రం. 150 నుంచి 400 వరకు ఉంటే మినీ కేంద్రం. గిరిజన ప్రాంతాల్లో 300 నుంచే మెయిన్ ఇస్తారు, మినీకి మాత్రం అక్కడా 150 ఉండాల్సిందే. సుప్రీంకోర్టు 2006 డిసెంబరులో ఇంకో దారి చూపించింది. ఆరేళ్ళ లోపు పిల్లలు 40 మంది ఉన్న ఏ ఆవాసమైనా అడిగితే, మూడు నెలల్లో కేంద్రం ఇవ్వాలని. మంచి తీర్పు. కానీ మన జిల్లాలో యానాదులు ఎట్టా ఉంటారు? ఎనిమిది ఇళ్ళు ఒక కట్ట మీద, అయిదు ఇళ్ళు ఒక రొయ్యల గుంట కాడ, పది ఇళ్ళు ఏటి పోరంబోకులో. రాష్ట్రం మొత్తమ్మీద యానాదులు ఎక్కువగా ఉన్నది మన దగ్గరే, ఒక్క చోట 150 మంది ఉండటమే అరుదు. ఏ లెక్క తీసినా వాళ్ళు దాని కింద నుంచి జారిపోతారు. ఎవరూ కావాలని వదిలెయ్యలేదు. జల్లెడ కన్నాలే పెద్దవి.

సరే, మెట్టకి పోదాం. ఉదయగిరి వైపు ఒక ఊరు. అద్దె గది, పైన రేకులు, పక్కనే రామాలయం. మరుగుదొడ్డి లేదు. బొమ్మలు ఎప్పుడో ఇచ్చినవి, బీరువాలో భద్రంగా ఉన్నాయి, పాడైతే ఆడిట్లో అడుగుతారని భయం. మీ ఫారం ప్రకారం నేనే మార్కులు వేసి చూశాను, నూటికి 34 వచ్చాయి. తప్పింది పాపం, ఒక్క మార్కులో. (నవ్వులు)

ఆ టీచర్ ఇంటర్ చదివింది, ఆ ఊరి కోడలే. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేస్తారు కదా, అక్కడ వాళ్ళ బంధువులెవరో ఉన్నారు. విరిగినవి, వంకర పోయినవి గంపెడు తెచ్చి పెట్టుకుంది. నేను పోయిన రోజు ఆ గంప పిల్లల మధ్యలో బోర్లించి, "పొట్టి దాని కాణ్ణించి పొడుగు దాని దాకా వరసగా పెట్టండి" అని చెప్పి తను పక్కకి కూర్చుంది. నాలుగేళ్ళ పాప ఒకతి. అమ్మానాన్న బెంగళూరులో మేస్త్రీ పనికి పోయారు, అవ్వ దగ్గర ఉంటుంది. ఆ పాప తొమ్మిది చెంచాలు పేర్చింది. పదోది చేతిలో పట్టుకుని ఆలోచిస్తోంది. దాని గిన్నె అన్నిటికన్నా పెద్దది, పిడి మాత్రం సగానికి విరిగిపోయింది.

"టీచర్, ఇది పెద్దదే, చెయ్యి ఇరిగింది. పొట్టోళ్ళలో పెట్టాల్నా, పొడుగోళ్ళలో పెట్టాల్నా?"

టీచర్ చెప్పెయ్యలేదు. "నువ్వేమంటావు?" అంది. పాప గమ్మునుంది. పక్కనున్న పిల్లోడు అందుకున్నాడు: "పెద్దోడే, దెబ్బ తగిలింది అంతే. పొడుగోళ్ళలోనే పెట్టు." ఇంకొకడు ఒప్పుకోలేదు, ఇప్పుడు పొట్టిగానే ఉంది కదా అని పక్కన పెట్టి కొలిచి చూపించాడు. నేను వాచీ చూసుకున్నాను, అయిదు నిమిషాలు నడిచింది ఆ పంచాయితీ. కొలవడం, పోల్చడం, ఎదుటివాడి మాట విని దానికి జవాబు చెప్పడం, అన్నీ జరిగిపోయాయి ఆ అయిదు నిమిషాల్లో. లెక్కలకి ముందు రావలసిన లెక్కలు ఇవే. ఆ చెంచా ఎక్కడ పెట్టారో చివరికి నాకు గుర్తు లేదు, ఎవరికో మూత్రం వచ్చి అందరూ లేచిపోయారు.

అప్పటి నుంచి నాకొక పిచ్చి అలవాటైంది. ఏ కేంద్రానికి పోయినా నోటుబుక్కులో ఒక పేజీని నిలువునా రెండుగా గీసుకునేదాన్ని. టీచర్ పిల్లల్ని ఏదైనా నిజంగా అడిగితే, అంటే జవాబు తనకే తెలియని ప్రశ్న అడిగితే, ఎడమ పక్క ఒక గీత. "కూర్చో, నోరు మూసుకో, చేతులు కట్టుకో" అంటే కుడి పక్క ఒక గీత. గంటసేపు. శాలువా కప్పిన కేంద్రంలో ఎడమ పక్క రెండు గీతలు వచ్చాయి, కుడి పక్క పేజీ నిండింది. ఈ రేకుల గదిలో ఎడమ పక్కన 31. మీ ఫారంలో పెట్టుకుంటారో లేదో మీ ఇష్టం. ఖర్చేమీ లేదు, ఒక పెన్ను చాలు.

కానీ ఇక్కడ టీచర్ని ఒక్కదాన్నే నిలదీస్తే అన్యాయం. 2023 మేలో కేంద్ర ప్రభుత్వం 'పోషణ్ భీ, పఢాయీ భీ' అని తెచ్చింది. పోషకాహారంతో పాటు చదువు కూడా అని. రోజుకి కనీసం రెండు గంటలు పూర్వ ప్రాథమిక విద్య జరగాలని అందులో ఉంది. నేను రిటైరయ్యాక, ఆ రెండు గంటలు ఎక్కడున్నాయో చూద్దామని తెలిసిన టీచర్ ఒకామె దగ్గర ఒక పొద్దంతా కూర్చున్నాను. తొమ్మిదికి తలుపు తీసింది. ఆయా పోస్టు ఖాళీ, అందుకని ఊడవడం తనే, పొయ్యి వెలిగించడం తనే. పదింటికి ఫోన్లో పోషణ్ ట్రాకర్ తెరిచింది, కేంద్రం వివరాలన్నీ ఎక్కించాల్సిన ప్రభుత్వ యాప్ అది. ఇప్పుడు ఇంటికి తీసుకుపోయే సరుకులకి తల్లుల ముఖం ఫోన్లో చూపించాలి, 2025 జూలై నుంచి అది తప్పనిసరి. ముగ్గురు తల్లులు వచ్చారు. ఆ మూలకి సిగ్నల్ లేదు. ఒకామెని నీళ్ళ ట్యాంకు దాకా నడిపించింది, అక్కడ సిగ్నల్ వచ్చింది గానీ ఎండకి ముఖం నల్లగా పడి యాప్ ఒప్పుకోలేదు. నెత్తి మీద కొంగు తియ్యమంటే ఆమెకు సిగ్గు. ఇంతలో కుక్కరు కూసింది. పిల్లలు? గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు, ఒకడు ఇంకొకడి చొక్కా గుండీలు ఊడబీకుతున్నాడు. ఆ పూట చదువు మొత్తం పద్దెనిమిది నిమిషాలు. టీచర్‌కి వచ్చేది 11,500, అదీ జీతం కాదు, గౌరవ వేతనం. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు వీళ్ళు సమ్మె చేసినప్పుడు, పిల్లల్ని వదిలేసి రోడ్డెక్కారని తిట్టిన వాళ్ళని నేనెరుగుదును. వీళ్ళకి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్లో చెప్పింది కూడా.

ఫోను తగలెయ్యమని నేననను. సరుకులు పక్కదారి పట్టడం నేనూ చూశాను. ఆయా ఉన్న కేంద్రం, ఆయా లేని కేంద్రం మాత్రం ఒకే తక్కెట్లో పెట్టకండి. అది వేరే కాలమ్ చెయ్యండి.

తిండి గురించి గబగబా చెప్పేస్తాను. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మూడు నుంచి ఆరేళ్ళ బిడ్డకి పొద్దున చిరుతిండి, మధ్యాహ్నం వేడి అన్నం అందాలి. రెండూ కలిపి 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అని అప్పట్లో లెక్క పెట్టారు, 2023లో ఆ లెక్క సవరించారు. 2017లో కేంద్రం కట్టిన లెక్క బిడ్డకి రోజుకు 8 రూపాయలు, మన రాష్ట్రం గుడ్డు, పాలు అంటూ పైన కలుపుకుంటుంది. మీరు పోయినప్పుడు మెనూ బోర్డు చూడకండి, అది ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. పిల్లలు తిని లేచాక కంచాలు చూడండి. ఆకుకూర పప్పులో ఆకు పక్కకి తీసి పెట్టారా, తిన్నారా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో మన రాష్ట్రంలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు, రక్తహీనత ఉన్నవాళ్ళు నూటికి 63. కంచంలో మిగిలిన ఆకు అంత చిన్న విషయం కాదు. ఇక దండ చుట్టుకొలత టేపు, అంటే భుజానికీ మోచేతికీ మధ్య చేతిని కొలిచే టేపు, ఉందా అని మాత్రమే కాదు, టీచర్ని ఒక బిడ్డకి పెట్టి చూపించమనండి. 11.5 సెంటీమీటర్ల లోపు వస్తే ఎర్ర రంగు, అంటే అతి తీవ్ర లోపం, ఆసుపత్రి మాట ఆలోచించాల్సిందే. టేపు బిగించి లాగితే మంచి బిడ్డ కూడా ఎర్రలో పడుతుంది, వదులుగా పెడితే ఎర్ర బిడ్డ పచ్చలోకి వస్తుంది. ఆ రెండోది ఎందుకు ఎక్కువ జరుగుతుందో మీరే ఊహించుకోండి.

తర్వాత, వ్యాన్ సంగతి. కాలవ కింద ఊళ్ళలో తొమ్మిదికల్లా పసుపు వ్యాన్ వచ్చి మూడేళ్ళ పిల్లల్ని ఎత్తుకుపోతుంది. టై, బూట్లు, వీపు మీద సంచి. ఒక తల్లిని అడిగాను, ఎదురుగ్గా అంగన్‌వాడీ ఉంది కదమ్మా అని. "అంగన్‌వాడీకి పంపితే లేనోళ్ళని అనుకుంటారు మేడం" అంది. దాపరికం లేకుండా చెప్పింది, నాకు నచ్చింది. గుడ్డు అక్కడ ఉంది, పరువు వ్యాన్లో ఉంది. ఆ సంచిలో ఏముందో కూడా చూశాను. నాలుగు గీతల పుస్తకంలో ఏ నుంచి జెడ్ దాకా హోంవర్కు. మూడేళ్ళ బిడ్డ వేళ్ళకి పెన్సిల్ పట్టే బలమే ఉండదు. మట్టి పిసకాలి, గింజలు ఏరాలి, పూసలు గుచ్చాలి, అప్పుడొస్తుంది ఆ బలం. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ, అంతా ఆటతోనే అని చెబుతోంది. అయినా ప్రైవేటు వాళ్ళని ఒక్కళ్ళని అని ఏం లాభం, మన కేంద్రాల్లోనూ తల్లులు అడుగుతున్నారని పలకలు పట్టించేస్తున్నారు. మీ ఫారంలో "పిల్లలు రాయగలరా" అన్న ప్రశ్న దయచేసి కొట్టెయ్యండి. ఇప్పుడే కొట్టెయ్యండి, పెన్ను ఉంది కదా.

తల్లుల సమావేశం జరిగిందా, అవును లేదా కాదు, అని ఇంకో గడి ఉంది. జరిగిందనే రాస్తారు. ఏం మాట్లాడారో అడగండి. దూబగుంట ఉన్నది మన కలిగిరి మండలంలోనే. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ కూర్చున్న ఆడవాళ్ళు సారా దుకాణం మాట ఎత్తారు, ఆ మాట ఊళ్ళు దాటి 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆపించే దాకా పోయింది. అట్టాంటి జిల్లాలో తల్లుల్ని పిలిచి, సంతకాలు పెట్టించుకుని, టీ ఇచ్చి పంపేస్తున్నాం.

ఇంక ఆ కాలవ కట్ట దగ్గరికి వస్తాను, అది చెప్పకుండా పోతే మీరు ఒప్పుకోరు.

టీచర్నీ నన్నూ ఇద్దర్నీ కలిపి తిట్టుకుంటూ ఆ గుడిసెలకి పోయాను. ఒక ముసలామె ఉంది. పిల్లల్ని ఎందుకు పంపడం లేదవ్వా అంటే, "ఎట్టా పంపేది తల్లీ? కాలవ దాటాల. పెద్దోళ్ళు గుంటల కాడికి పోతే తెచ్చేదెవురు, తోలకపొయ్యేదెవురు?" అంది. కాసేపటికి ఇంకో మాట కూడా చెప్పింది. అంతకు ముందు ఒకసారి పెద్ద మనవణ్ణి పంపితే, తల మాసి ఉందని వేరే పిల్లల తల్లులు గొణిగారట, వాణ్ణి గుమ్మం కాడ కూర్చోబెట్టారట. వాడు మళ్ళీ పోలేదు. పిల్లలకి ఆధార్ లేదు. పుట్టిన కాగితం లేదు, కాన్పు గుడిసెలోనే. ఆధార్ లేకపోతే యాప్‌లోకి పేరు ఎక్కించడానికి నానా తిప్పలు. పేరెక్కకపోతే గుడ్డు రాదు.

కాగితాలకి నాలుగు నెలలు పట్టింది. ఆ కథ చెబితే మీకు నిద్రొస్తుంది. ఈలోపు టీచర్ ఒక పని చేసింది, నేను చెప్పింది కాదు, తనకే తోచింది. వారానికి రెండు రోజులు మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆయాని కేంద్రంలో ఉంచి, తను గింజల సంచి తీసుకుని కట్ట మీదికి పోయేది. తుమ్మ చెట్టు కింద చింతగింజలు, గవ్వలు పెట్టుకుని కూర్చునేది. మొదట్లో ఎవరూ రాలేదు. తర్వాత తమ్ముణ్ణి చంకనేసుకున్న ఆ పాప వచ్చింది. నలుగురయ్యారు. దసరా దాటాక వాళ్ళని తీసుకుపోవడానికి ఊళ్ళో పాలు పోసే ఆయన ఒప్పుకున్నాడు, ఆయన పొద్దున్నే కట్ట మీదుగానే వస్తాడు.

ఆ పాప మొదటి రోజు కేంద్రం లోపలికి రాలేదు. గుమ్మం మీద కూర్చుంది. రెండో రోజూ అంతే. పిలిస్తే కిందికి చూస్తుంది. గుమ్మం కాడ కూర్చోబెట్టిన అన్న సంగతి ఆ పిల్ల విని ఉంటుంది, లేదంటే లోపల గోడ మీద ఏనుగుకి భయపడిందో, ఎవరికి తెలుసు. నేను నాలుగో రోజు పోయేసరికి టీచర్ పిల్లలు కూర్చునే చాప మొత్తం లాక్కొచ్చి గుమ్మానికి ఆనించి వేసింది. సగం చాప లోపల, సగం వాకిట్లో. పద్దెనిమిది మంది పిల్లలూ దాని మీదే. ఆ పాప గుమ్మం మీద కూర్చునే గవ్వలు వేస్తోంది.

టైమైందంటున్నారు. అడగాల్సినవి అడగండి. అదిగో, వెనక ఆ అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంది, మైకు అటు పంపండి.